బూస్ట్ రాకముందు ఒక లెక్క, వచ్చాక ఇంకో లెక్క

కంచరపాలెం,
విశాఖపట్నం.

అమ్మలూ,

ఇక్కడ మేమంతా కులాసా. అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గింది, పొద్దున్నే నడకకు కూడా వెళ్తోంది. ఫోన్‌లో నువ్వు మొదలుపెట్టిన టర్బో స్నోమొబైల్ సంగతి, అదే మీ షాపుకొచ్చిన ఆ మంచు బండి సంగతి, సగంలోనే ఆగిపోయింది. నీకు నిద్రవేళ, నాకు షాపు తీసే వేళ. అయినా ఇవి ఫోన్‌లో తేలే విషయాలు కావు. నువ్వు పంపిన మాన్యువల్ పేజీలూ ఫొటోలూ ముందు పెట్టుకుని రాస్తున్నాను. నిదానంగా చదువు.

నాకు అర్థమైంది ఇది. కొండ కింద నుంచి థ్రాటిల్ పూర్తిగా నొక్కితే ఇంజిన్ ఐదారు వేల ఆర్‌పీఎమ్ దగ్గర మూలుగుతూ ఉండిపోతోంది. కాసేపటికి బూస్ట్, అంటే టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి, అందుకుంటోంది. అప్పుడు ఉన్నట్టుండి పీక్, అంటే ఎక్కువ బలం ఇచ్చే ఆర్‌పీఎమ్, దాటి ఇంకో మూడు నాలుగు వందలు పైకి పరుగెడుతోంది. బెల్ట్ కాలిన వాసన వస్తోంది. నువ్వేమో వెనక పుల్లీలో వాలుగా ఉండే హెలిక్స్ మార్చేద్దామా, స్ప్రింగ్ మార్చేద్దామా, రెండూ కలిపి మార్చేద్దామా అని టెన్షన్ పడుతున్నావు.

ఇప్పుడే హెలిక్స్ జోలికి వెళ్లకు. ఎందుకో చెప్తాను.

నేను పని నేర్చుకున్నది కైనెటిక్ హోండాల మీదని నీకు తెలుసు. 1984లో అది వచ్చేదాకా మన దేశంలో స్కూటర్ అంటే ఎడమ చేత్తో గేరు తిప్పాల్సిందే. టూ స్ట్రోక్ ఇంజిన్, ముందో పుల్లీ, వెనకో పుల్లీ, మధ్యన బెల్ట్. మీ బండి కూడా ఆ జాతిదే. నీ ప్రైమరీ క్లచ్ నా ముందు పుల్లీ, నీ సెకండరీ నా వెనక పుల్లీ. నా దాంట్లో గుండ్రటి రోలర్లు జారి పుల్లీని నొక్కుతాయి, నీ దాంట్లో మూడు ఫ్లైవెయిట్లు చెయ్యి చాపినట్టు బయటికి తెరుచుకుని నొక్కుతాయి. ముందు పుల్లీ నొక్కే కొద్దీ బెల్ట్ దాని మీద పైకెక్కుతుంది, అదే గేరు పెరగడం. స్కూటర్‌కి వెనక చక్రం దగ్గర క్లచ్ షూలు వేరుగా ఉంటాయి, బండి ఆగి ఉన్నా బెల్ట్ తిరుగుతూనే ఉంటుంది. మీ దాంట్లో ఆ పని కూడా ముందు పుల్లీదే. ఐడిల్‌లో అది బెల్ట్‌ని వదిలేసి ఉంటుంది, ఆర్‌పీఎమ్ పెరిగాకే పట్టుకుంటుంది. అందుకే మీ ముందు పుల్లీకి బాధ్యత ఎక్కువ, దాని మీద అరుగుదలా ఎక్కువే.

మొన్న ఒక డెలివరీ కుర్రాడు యాక్టివా తెచ్చాడు. ఇంజిన్ అరుస్తోంది గానీ బండి లాగట్లేదన్నాడు. వేరియేటర్, అదే ముందు పుల్లీ, విప్పితే ఆరు రోలర్లూ ఒక పక్క చదునుగా అరిగి ఉన్నాయి. అరచేతిలో పెట్టుకుని వేలితో నెడితే దొర్లవు, అలా కూర్చుండిపోతాయి. మద్దిలపాలెం నుంచి ఎన్ఏడీ దాకా ఆగుతూ కదులుతూ తిరిగే బండి మరి. అది ఏడెనిమిది హార్స్ పవర్ ఇంజిన్. అక్కడే రోలర్ చదునైతే ఇంత తేడా వస్తోంది. నీ ముందున్నది 165 హార్స్ పవర్ బండి. కాబట్టి ట్యూనింగ్ మొదలుపెట్టే ముందు ప్రైమరీ విప్పి, దాంట్లో వెయిట్లు ఆనే రోలర్లు, పిన్నులు, బుష్‌లు వేలితో తిప్పి చూడు. అరిగిన భాగాల మీద ఎన్ని గ్రాములు మార్చినా ఆ అంకెలకి అర్థం లేదు.

ఇక అసలు లెక్క. క్లచ్ చేయాల్సింది ఒక్కటే. ఇంజిన్ ఏ ఆర్‌పీఎమ్ దగ్గర ఎక్కువ బలం ఇస్తుందో అక్కడే దాన్ని పట్టి ఉంచాలి. బండి 30లో ఉన్నా 100లో ఉన్నా ఇంజిన్ మాత్రం అక్కడే నిలబడాలి. మన పోర్టులో బస్తాలు మోసే కూలీని చూడు. బస్తా బరువెక్కువైతే అడుగు పడదు, మరీ తేలికైతే పరుగెత్తుతాడు గానీ సరుకు కదలదు. ఫ్లైవెయిట్ బరువు కూడా ఇంజిన్ వీపు మీద బస్తాయే. బరువు పెంచితే ఆర్‌పీఎమ్ దిగుతుంది, తగ్గిస్తే ఎక్కుతుంది.

ఎంత దిగుతుందో కాగితం మీద చూసుకోవచ్చు. వెయిట్ బయటికి తోసే బలం దాని బరువుతో పాటు పెరుగుతుంది, ఆర్‌పీఎమ్‌తో అయితే దాని వర్గంలా పెరుగుతుంది. 4,000 దగ్గర ఉన్న బలం 8,000 దగ్గర నాలుగింతలు. లెక్కకు ఒక్కో వెయిట్ 60 గ్రాములు, పీక్ 8,000 అనుకో. మూడింటికీ రెండేసి గ్రాములు కలిపితే అదే బలం 7,870 దగ్గరే వచ్చేస్తుంది. అంటే సుమారు 130 దిగింది. ఇది ఉజ్జాయింపు మాత్రమే, బరువు ఏ చోట కలిపావన్నదాన్ని బట్టి మారుతుంది. కానీ ఒక గ్రాముకి ఎంత కదులుతుందో ముందే ఒక అంచనా ఉంటే చీకట్లో తడుముకోనక్కర్లేదు.

టర్బో వచ్చేసరికి ఈ లెక్క రెండుగా చీలుతుంది. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే.

మనం సముద్రం ఒడ్డున ఉన్నాం, గాలి చిక్కన. 8,000 అడుగుల ఎత్తులో గాలి పీడనం ఇక్కడున్నదాంట్లో నాలుగింట మూడు వంతులే. మామూలు ఇంజిన్ అక్కడ బలంలో దాదాపు నాలుగో వంతు పోగొట్టుకుంటుంది, అందుకే కొండ మీదికి వెళ్లేవాళ్లు వెయిట్లు తగ్గిస్తారు. మన అరకు ఘాట్ ఎక్కేటప్పుడు పాత కార్బురేటర్ బండ్లు నీరసపడటం నువ్వు చిన్నప్పుడు చూసిందే. టర్బో పోయిన ఆ బలాన్ని తిరిగి తెస్తుంది. 2020లో స్కీ-డూ వాళ్లు కంపెనీలోనే టర్బో బిగించిన టూ స్ట్రోక్ స్నోమొబైల్ తెచ్చినప్పుడు చెప్పుకున్నది కూడా అదే: 8,000 అడుగుల దాకా 165 హార్స్ పవర్ తగ్గదని. కానీ టర్బో తిరగాలంటే ఎగ్జాస్ట్ గట్టిగా తన్నాలి. ఎగ్జాస్ట్ తన్నాలంటే ఆర్‌పీఎమ్ ఎక్కాలి. అంతవరకూ నీ చేతిలో ఉన్నది కొండ మీద నీరసపడిన మామూలు ఇంజినే.

ఇప్పుడు మీ కస్టమర్ బండి చూడు. పైన బూస్ట్ బలాన్ని ఆపడానికి ఎవరో బరువైన వెయిట్లు వేశారు. ఆ బరువు కింద కూడా పని చేస్తోంది. ఇంజిన్ ఇంకా నీరసంగా ఉన్నప్పుడే క్లచ్ పెద్ద గేర్‌లోకి లాగేస్తోంది. ఆర్‌పీఎమ్ ఎక్కదు, ఎగ్జాస్ట్ చాలదు, బూస్ట్ రాదు. చివరికి వచ్చాక ఆ బలానికి పైన ఉన్న బరువు చాలట్లేదు. కింద ఎక్కువ, పైన తక్కువ. మొత్తం బరువు పెంచితే మూలుగు పెరుగుతుంది, మొత్తం తగ్గిస్తే పైన ఇంకా పరుగెడుతుంది. అందుకే నీకు ఎటూ పాలుపోలేదు.

నువ్వు పంపిన ఫొటోలో వెయిట్‌కి మూడు రంధ్రాలు ఉన్నాయి, స్క్రూలు బిగించుకునేవి. పివట్, అంటే వెయిట్ తిరిగే ఇరుసు, వైపు ఉన్న బరువు మొదటి నుంచీ నొక్కుతుంది. కొన వైపు ఉన్నది వెయిట్ బాగా తెరుచుకున్నాక గట్టిగా నొక్కుతుంది. మొత్తం బరువు మార్చకుండా పివట్ వైపు తీసి కొన వైపు వెయ్యి. కింద తేలికై ఇంజిన్ త్వరగా ఎక్కుతుంది, బూస్ట్ త్వరగా వస్తుంది. పైన బరువై పట్టి ఉంచుతుంది. బూస్ట్ వచ్చిన క్షణంలో మాత్రమే ఆర్‌పీఎమ్ ముల్లు ఎగిరి మళ్ళీ సర్దుకుంటే మధ్య రంధ్రం చూడు. చివరిదాకా పైనే ఉండిపోతే కొన చూడు. మూడు వెయిట్లూ ఒకే బరువు ఉండాలి. స్క్రూల పెట్టె మీద రాసింది నమ్మకు, బంగారం కొట్టు తూకంలా పదో వంతు గ్రాము చూపించే కాటా మీద తూచు.

ఒక్క హెచ్చరిక. పీక్ దాటి పరుగెత్తడం ఎప్పుడూ వెయిట్ తేలికై కాదు, బెల్ట్ జారినా ముల్లు అలాగే ఎగురుతుంది. వాసన వస్తోందన్నావు కాబట్టి ముందు ఇదే తేల్చుకో. ఆర్‌పీఎమ్ ఎక్కుతున్నా వేగం ఎక్కకపోతే జారుతున్నట్టే. ఒక గట్టి రన్ తీసి, ఇంజిన్ ఆపి, టెంపరేచర్ గన్‌తో రెండు పుల్లీలూ చూడు. ఏది ఎక్కువ కాలిందో అక్కడ జారుతోంది. వెనకది కాలితే ముందు వెయిట్‌తో కుస్తీ పడి లాభం లేదు, పుల్లీల అలైన్‌మెంట్, బెల్ట్ టెన్షన్, సెకండరీ స్ప్రింగ్ చూసుకోవాలి.

హెలిక్స్ ఎందుకు ఆపమన్నానంటే, వెయిట్ ఆర్‌పీఎమ్ మాట వింటుంది, ఇది టార్క్, అంటే తిప్పే బలం, మాట వింటుంది. ట్రాక్ మీద, అంటే బండిని మంచు మీద నడిపే పట్టా మీద, భారం పడితే వెనక పుల్లీని బిగిస్తుంది. కోణం తక్కువైతే పట్టు ఎక్కువ, థ్రాటిల్ వదిలి మళ్ళీ నొక్కినప్పుడు త్వరగా చిన్న గేర్‌కి దిగుతుంది. లోతు మంచులో, చెట్ల మధ్య అది చాలా అవసరం, టర్బోకి మరీను. కోణం ఎక్కువైతే గేరు త్వరగా పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది. కానీ టర్బో టార్క్ ఎక్కువ కాబట్టి తక్కువ కోణం దగ్గర వెనక పుల్లీ మరీ బిగుసుకుని గేరు పెరగనివ్వదు, ఆర్‌పీఎమ్ మళ్ళీ పైకి పోతుంది. అప్పుడు అది వెయిట్ తప్పా, హెలిక్స్ తప్పా నీకు తెలియదు. వెయిట్లు కుదిరాక, థ్రాటిల్ వదిలి మళ్ళీ నొక్కినప్పుడు బండి మందకొడిగా ఉందనిపిస్తే అప్పుడు హెలిక్స్ తియ్యి.

ప్రైమరీ స్ప్రింగ్ గురించి రెండు మాటలు చాలు. దానికి రెండు అంకెలుంటాయి. మొదటిది బండి ఏ ఆర్‌పీఎమ్‌కి కదలాలో చెప్తుంది, రెండోది పైన ఎంత ఎదురు నిలబడాలో. మొదటిది మరీ పెంచితే కదలగానే ట్రాక్ మంచుని తవ్వి కూరుకుపోతుంది.

టెస్ట్ చేసే పద్ధతి నువ్వు సెలవుల్లో సింహాచలం ఘాట్ రోడ్డు మీద నాతో చూసిందే. అదే కొండ, అదే బరువు, బెల్ట్ వేడెక్కాక, పూర్తి థ్రాటిల్, ఒకసారికి ఒకే మార్పు. పుల్లీ ముఖం మీద నడిమి నుంచి అంచుదాకా మార్కర్‌తో గీత గియ్యి. రన్ అయ్యాక గీత ఎంతదాకా చెరిగిందో చూస్తే బెల్ట్ ఎంత పైకెక్కిందో కళ్లకు కనిపిస్తుంది. గేజ్ పొరబడొచ్చు గానీ ఆ గీత పొరబడదు. ఎత్తు, చలి, మంచు తీరు, బూస్ట్ నోట్‌బుక్‌లో రాసుకో. బూస్ట్ రన్‌కో రకంగా వస్తుంటే క్లచ్ ముట్టుకోకు, ముందు అది సరిచెయ్యాలి. కొత్త బెల్ట్ అయితే సబ్బు నీళ్లతో కడిగి, మొదటి 50 కిలోమీటర్లు దాన్ని మెల్లగా నడిపించు. పక్కలు అద్దంలా మెరిస్తే జారింది. ఒకే చోట సన్నబడితే ట్రాక్ గడ్డకట్టుకుని ఉండగా ఎవరో థ్రాటిల్ నొక్కారు.

ఇది మాత్రం నాన్నగా చెప్తున్నాను. బెల్ట్ మీది గార్డ్ లేకుండా ఆ ఇంజిన్ ఎప్పుడూ స్టార్ట్ చెయ్యకు, ఒక్క నిమిషం కూడా. ఆ వేగంలో తెగిన బెల్ట్ ముక్క మామూలుగా తగలదు. చెయ్యి పెట్టే ముందు తాళం, ఊడితే ఇంజిన్ ఆగిపోయే టెథర్ తాడు రెండూ తీసి నీ జేబులో వేసుకో. స్ప్రింగ్ విప్పడానికి కంప్రెసర్ టూల్ ఉండాల్సిందే. పక్కవాడు చేత్తో నొక్కి తీస్తున్నా నువ్వు చెయ్యకు.

మన చుట్టాల్లో కొందరు అడుగుతుంటారు, అంత చదివి మంచులో ఆట బండ్లు బాగుచేయడం ఏమిటని. వాళ్లకి స్కీ-డూ తెచ్చిన బొంబార్డియే కథ చెప్తాను. కెనడాలోని క్యూబెక్‌లో 1934 చలికాలంలో రోడ్లు మంచుతో మూసుకుపోయి, రెండేళ్ల కొడుకుని ఆస్పత్రికి చేర్చలేక పోగొట్టుకున్నాడాయన. అంతకుముందు నుంచే మంచు మీద నడిచే బండి కోసం తంటాలు పడుతున్న మనిషి, 1937కల్లా దాని ట్రాక్‌కి పేటెంట్ సంపాదించాడు. 1959లో వచ్చిన స్కీ-డూ ఆయనదే. ఇది విన్నాక వాళ్లెవరూ ఇంక మాట్లాడలేదు. నువ్వు చేసేది మంచి పని. నాకు చాలా గర్వంగా ఉంది.

అమ్మ మాగాయ, కందిపొడి సర్దుతోంది, ఈ వారమే కొరియర్‌లో వేస్తాం. నువ్వు నాకు మూడు పంపు: వెయిట్ల తూకం, రంధ్రం రంధ్రానికి వేరువేరుగా, రన్ తర్వాత రెండు పుల్లీల వేడి, మార్కర్ గీత ఫొటో. స్ప్రింగ్ మీద ఉన్న రెండు అంకెలు కూడా రాయి, నీ ఫొటోలో రంగు కనిపిస్తోంది గానీ అంకెలు కనిపించట్లేదు.

ఆశీస్సులతో,
నాన్న