వైద్య గంజాయి లాభాల బేరం కాకూడదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. వైద్యానికీ పరిశ్రమలకూ పనికొచ్చే గంజాయి సాగు మీద పైలట్ అధ్యయనానికి హిమాచల్ ప్రదేశ్ మంత్రివర్గం 2025 జనవరిలో ఒప్పుకుంది. అప్పటి నుంచి మన దగ్గరా ఆ పని ఎందుకు చేయకూడదన్న మాట వింటున్నాను. ఎకరానికి ఎంత మిగులుతుంది, ఖజానాకు ఎంత వస్తుంది, ఎగుమతులు ఎలా ఉంటాయి అంటూ మాటలన్నీ డబ్బు చుట్టూనే తిరుగుతున్నాయి. ఆ మందు వాడాల్సిన మనిషి ఊసే లేదు. ఉద్యోగమంతా క్యాన్సర్ రోగులకు మందులిచ్చే కౌంటర్ వెనకే గడిపిన ఫార్మసిస్టుని నేను. గంజాయి నుంచి మందు తీయడానికి నేను అడ్డు చెప్పను. కానీ పండించడం, మందు తయారు చేయడం, రోగికి అందించడం ఈ మూడూ లాభాపేక్ష లేని సంస్థల చేతిలోనే ఉండాలని నా గట్టి అభిప్రాయం. క్యాన్సర్ నొప్పికి ఇచ్చే మార్ఫిన్ విషయంలో ఏం జరిగిందో దగ్గర నుంచి చూశాక ఏర్పడిన అభిప్రాయం ఇది.

మార్ఫిన్‌కు ముడిసరుకైన నల్లమందును చట్టబద్ధంగా పండించే కొద్ది దేశాల్లో మనది ఒకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సు ఉన్న రైతులు పండిస్తే నీమచ్, ఘాజీపూర్‌లలోని ప్రభుత్వ ఫ్యాక్టరీలకు చేరుతుంది. అక్కణ్నుంచి ఎక్కువ భాగం ఏళ్ల తరబడి విదేశాలకే పోయింది. 1985లో మాదకద్రవ్యాలను కట్టడి చేసే ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చాక లైసెన్సుల గొడవకూ జైలు భయానికీ మన ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 1997 నాటికి ఇంత పెద్ద దేశంలో ఏడాది మొత్తం మీద వాడిన మార్ఫిన్ 18 కిలోలకు పడిపోయింది. ఆ చట్టాన్ని సవరించి రోగులకు దారి ఇచ్చింది 2014 ఫిబ్రవరిలో, రాష్ట్ర విభజన బిల్లు పాసైన ఆ పార్లమెంటు సమావేశాల్లోనే. ఆ గందరగోళంలో మన పత్రికల్లో దానికి చోటు దొరకలేదు. నాలుగైదు లైసెన్సుల బదులు ఔషధ నియంత్రణ శాఖ గుర్తింపు ఒక్కటుంటే చాలన్నారు.

చట్టం మారినంత మాత్రాన మాత్ర రాలేదు. పది మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్ర ఖరీదు కొద్ది రూపాయలు. దానికి రెండు తాళాల బీరువా కావాలి, ప్రతి మాత్రకూ రిజిస్టర్‌లో పద్దు రాయాలి, తనిఖీకి ఎవరొచ్చినా లెక్క అప్పజెప్పాలి. ఇంత చేస్తే డీలరుకు మిగిలేదేమీ లేదు. అందుకే ఇండెంట్ పెట్టి వారాల తరబడి ఎదురు చూసేవాళ్లం. చర్మానికి అంటించే మరో నొప్పి మందు ఫెంటనిల్ ప్యాచ్ అయితే ఫోన్ చేసిన మర్నాడే వచ్చేది. దాని ప్రభావం మూడు రోజులు. ఆ ధరకు ఒక రోగికి వారానికి పైగా సరిపడే మార్ఫిన్ మాత్రలు వస్తాయి. వెన్నెముకలోకి క్యాన్సర్ పాకిన ఒక తాపీమేస్త్రి కూర్చోలేక, పడుకోలేక మా కౌంటర్ ముందు కమ్మీ పట్టుకుని నిలబడి ఉండేవాడు. “ఈ పూటకైనా నాలుగు మాత్రలు సర్దండయ్యా” అని అతని భార్య అడుగుతుంటే బీరువాలో స్టాకు ఉండేది కాదు. ఆ మాత్రను ఏ చట్టమూ ఆపలేదు, కొరత ముడిసరుకుదీ కాదు. చవక మందు కాబట్టి ఎవరికీ పట్టలేదు.

మనకంటే పేద దేశమైన ఉగాండా ఈ చిక్కును వేరే దారిలో విప్పుకుంది. 1993లో మొదలైన హాస్పిస్ ఆఫ్రికా ఉగాండా అనే సేవా సంస్థ మార్ఫిన్ పొడి తెప్పించి, నీళ్లలో కలిపి, బలాన్ని బట్టి రంగు వేసి, సీసాల్లో నింపుతుంది. ప్రభుత్వం ఆ మందును రోగులకు ఉచితంగా ఇస్తుంది. ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు కూడా రాసివ్వొచ్చు. లాభం చూసుకునే కంపెనీ ఏదీ ఈ పనికి పూనుకోదు.

ఇక గంజాయి. ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి: అది క్యాన్సర్‌ను నయం చేయదు. అలా చెప్పి అమ్మేవాళ్లను నమ్మొద్దు. కొన్ని రకాల తీవ్రమైన ఫిట్స్‌కు, కీమో వల్ల వచ్చే వాంతులకు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బులో కండరాల బిగుతుకు దానిలోని పదార్థాలు పనిచేస్తాయనడానికి మంచి ఆధారాలున్నాయి. వైద్యంలో దానికి చోటుందని 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ 27–25 ఓట్లతో ఒప్పుకుంది. అనుకూలంగా ఓటేసిన దేశాల్లో మనదీ ఉంది. ఆ చోటులోకి కంపెనీలు వస్తే ఏమవుతుందో కూడా చూశాం. చిన్నపిల్లల్లో వచ్చే రెండు అరుదైన మూర్ఛ జబ్బులకు 2018లో అమెరికాలో అనుమతి పొందిన, గంజాయి నుంచి తీసిన ఎపిడియోలెక్స్‌ అనే మందు ధర మొదట్లో ఏడాదికి దాదాపు 32,500 డాలర్లు. అప్పటి లెక్కన మన డబ్బుల్లో 22 లక్షల రూపాయలు. మందు అసలైనదే, పరీక్షలు నిలకడగా చేసినవే. ఆ ధరకు మన ఊళ్లలో ఎన్ని ఇళ్లకు చేరుతుంది?

ఇక్కడ దొరికేది వేరే రకం. గంజాయి ఆకు ఎన్‌డీపీఎస్ నిర్వచనంలోకి రాదు కాబట్టి ఆయుష్ లైసెన్సు మీద, ఆయుర్వేదంలో గంజాయికున్న ‘విజయ’ అనే పేరుతో నూనెలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ఫిట్స్ వచ్చే బాబు ఉన్న ఒక తల్లి అలాంటి సీసా నా చేతిలో పెట్టి, “ఇది పడుతుందా సార్?” అని అడిగింది. ముప్పై మిల్లీలీటర్ల సీసా, వేలల్లో ధర. లేబుల్ అటూ ఇటూ తిప్పి చూశాను. మిల్లీలీటరుకు ఫిట్స్‌కు పనిచేసే సీబీడీ ఎన్ని మిల్లీగ్రాములో, మత్తునిచ్చే టీహెచ్‌సీ ఎంతో ఎక్కడా లేదు. ఎన్ని చుక్కలు వేయాలో ఫోన్‌లో చెప్పారట. ఆ బాబు ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ అనే మందు వాడుతున్నాడు. సీబీడీ దానితో కలిస్తే కాలేయం దెబ్బతినే అవకాశం ఉంది, రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాలి. ఫోన్‌లో మాట్లాడినవాళ్లు పిల్లాడు ఏం మందులు వాడుతున్నాడని కూడా అడగలేదు. డబ్బు ఎలా తెచ్చావమ్మా అంటే గాజులు కుదువ పెట్టానంది.

కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో రోగులే కలిసి 1993లో వామ్ అనే సంఘం పెట్టుకున్నారు. దాని స్థాపకుల్లో ఒకరైన వాలెరీ కోరల్ కారు ప్రమాదం తర్వాత మూర్ఛతో బాధపడిన మనిషి. గంజాయి తోటలో అందరూ పనిచేసి, పండిన దాన్ని ఎవరికెంత అవసరమో అంత పంచుకునేవారు. కట్టగలిగినవాళ్లు కట్టేవారు, లేనివాళ్లకు ఉచితం. సభ్యుల్లో చాలామంది చావుకు దగ్గర్లో ఉన్నవాళ్లు. 2002 సెప్టెంబరులో కేంద్ర పోలీసులు వచ్చి తోటంతా నరికేస్తే, కొద్ది రోజులకే నగర మేయరు, కౌన్సిలర్లు పక్కన నిలబడగా సిటీ హాలు ముందే రోగులకు మందు పంచారు. అంతటి దాడికీ తట్టుకున్న ఉచిత పంపిణీని 2018లో అమల్లోకి వచ్చిన వ్యాపార చట్టం దెబ్బకొట్టింది. సరదా వాడకానికి దుకాణాలు తెరిచి, వాటికి వేసిన పన్నులే రోగులకు ఊరికే ఇచ్చే మందుకూ వర్తింపజేశారు. ఉచితంగా ఇచ్చేవాళ్లు పన్ను ఎక్కడి నుంచి తెచ్చి కడతారు? దాన్ని సరిదిద్దే చట్టం మీద సంతకం పడేసరికి 2019 అక్టోబరు వచ్చింది.

‘లాభాపేక్ష లేని’ అని బోర్డు తగిలిస్తే సరిపోదని కూడా అమెరికాయే చూపించింది. ఆరిజోనాలో 2010 చట్టం ప్రకారం మందు ఇచ్చే కేంద్రాలన్నీ లాభాపేక్ష లేనివే అయి ఉండాల్సి వచ్చేది. కాగితం మీద అలాగే పెట్టి, నిర్వహణ కాంట్రాక్టుల పేరుతో సొమ్మంతా కంపెనీలకు మళ్లించారు. మన దగ్గర ట్రస్టుల పేరుతో నడిచే కాలేజీల సంగతి తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే ఖర్చు లెక్కలు, జీతాలు, కాంట్రాక్టులు ఎవరైనా చూసేలా బయట పెట్టాలన్న షరతు చట్టంలోనే ఉండాలి.

మరో సంగతి. మందుకు కావాల్సిన పంట చాలా తక్కువ. జమ్మూలోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ కెనడా కంపెనీతో కలిసి చాఠాలో చేస్తున్న పరిశోధన సాగు ఒక ఎకరంలోనే. రోగుల పేరు చెప్పి వేల ఎకరాలు అడుగుతున్నారంటే వాళ్లు చూస్తున్న మార్కెట్ వేరే. విశాఖ ఏజెన్సీ రైతులకు లైసెన్సులిస్తే బాగుపడతారని కొందరంటున్నారు. 2021లో ‘పరివర్తన’ పేరుతో పోలీసులు నరికించిన వేల ఎకరాల తోటల వెనక పెట్టుబడి పెట్టినవాళ్లలో దొరికింది ఎందరు? మూటలు మోసిన గిరిజన కుర్రాళ్లే జైళ్లలో మగ్గారు. లైసెన్సుల పేరుతో మళ్లీ అదే వ్యాపారులు అదే కొండలెక్కుతారు. నా మట్టుకు నేను ఆ ఊళ్ల జోలికి పోవద్దంటాను. వ్యవసాయ విశ్వవిద్యాలయం కంచె వేసిన పొలంలో పండించాలి, ప్రభుత్వ ల్యాబ్‌లో మోతాదు కొలిచి సీసా కట్టాలి, నయం కాని రోగుల బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ ట్రస్టులూ ప్రభుత్వ నరాల విభాగాలూ ఖర్చు ధరకు ఇవ్వాలి. ప్రకటనలు ఉండకూడదు.

ఇవన్నీ జరగడానికి ఏళ్లు పడతాయి. మార్ఫిన్‌కు మాత్రం కొత్త చట్టం అక్కర్లేదు. ఏ జిల్లాలో ఏ ఆసుపత్రికి మార్ఫిన్ పెట్టుకునే గుర్తింపు ఉందో, అక్కడ స్టాకు ఉందో లేదో రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ శాఖలు వారం వారం వెబ్‌సైట్లో పెట్టాలి. ఈలోగా మీ జిల్లా విలేకరులు తమ తమ జిల్లా ఆసుపత్రి ఫార్మసీకి వెళ్లి, పది మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్రలు ఎన్ని ఉన్నాయో వాకబు చేసి ఆ వివరాలు ప్రచురించాలని మనవి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు,
రాజమహేంద్రవరం