నోటీసు తెచ్చిన అక్కకే మొదటి దండం

మా అమ్మ పింఛను పోకుండా నిలబడింది. ఆ ఒక్క మాట చెప్పి ఊరుకోమంది అమ్మ. సాయం చేసినవాళ్ళు కూడా పేర్లు రాయొద్దన్నారు. పేర్లు రాయను గానీ వాళ్ళు చేసింది మాత్రం రాస్తాను. ఎందుకంటే అందులో నేను నోటికొచ్చినట్టు తిట్టిన మనిషి ఒకరున్నారు. తిట్టింది ఫోన్లోనే, కానీ అమ్మ స్పీకర్ పెట్టింది, అరుగు మీద పదిమంది విన్నారు. క్షమాపణ కూడా పదిమందిలోనే చెప్పాలి కదా.

మాది ఆంధ్రాలో వెలిగొండ కొండల కింద చిన్న ఊరు. అమ్మకి రెండేళ్ళప్పుడు పోలియో వచ్చింది. ఎడమ కాలు సన్నబడిపోయింది, పొడవు కూడా తక్కువ. తొడ మీద చెయ్యి వేసి నొక్కిపట్టి అడుగు వేస్తుంది. అలా ఒక చెయ్యి కాలికే పోతుంది కాబట్టి బిందె అయినా, సంచి అయినా మోయడానికి మిగిలేది రెండోదే. కుడి కాలితో మిషను తొక్కి, జాకెట్లు కుట్టి నన్ను డిగ్రీ దాకా చదివించింది. 500 రూపాయలున్న రోజుల నుంచీ ఆమెకి పింఛను వస్తోంది. 2014లో వెయ్యి అయింది, 2019లో 3 వేలు, 2024 జులై నుంచి 6 వేలు. ఆరు వేలంటే మా ఇంట్లో డ్వాక్రా వాయిదా, గ్యాసు, బీపీ మాత్రలు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నానని ఊళ్ళో అందరికీ తెలుసు. హాస్టలు ఫీజు పోను ఎంత పంపుతానో అమ్మకి మాత్రమే తెలుసు.

2025లో దివ్యాంగుల పింఛన్లు మళ్ళీ పరిశీలించారు. అమ్మనీ పిలిచారు. ఆగస్టులో నోటీసు వచ్చింది: కొత్త పరీక్షలో వైకల్యం 36 శాతమే తేలింది, 40 లేదు కాబట్టి అర్హత లేదు. వైకల్యం ఎంతో చెప్పే పాత సదరం సర్టిఫికెట్‌లో 62 ఉంది. కాలేమన్నా పెరిగిందా? అరవై దాటి ఉంటే వృద్ధాప్య పింఛనులోకైనా మార్చేవాళ్ళు. అమ్మకి యాభై నాలుగు.

నోటీసు తెచ్చింది మా గ్రామ సచివాలయం వెల్ఫేర్ అసిస్టెంట్. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. అమ్మ ఏడుస్తూ నాకు ఫోన్ చేస్తే, ఆవిడ ఇంకా వాకిట్లోనే ఉందని తెలిసి, జీతం తీసుకునేది పేదోళ్ళ నోటి దగ్గర కూడు లాక్కోవడానికా అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. ఆవిడ ఏమీ అనలేదట, సంతకం పెట్టించుకుని పక్క వీధికి వెళ్ళిపోయిందట. ఆ రోజు ఆమె చేతిలో అలాంటి కాగితాలు ఇంకా కొన్ని ఉన్నాయని తర్వాత తెలిసింది. అన్ని ఇళ్ళలోనూ ఇదే మర్యాద జరిగి ఉంటుంది.

రాత్రి ఎనిమిదిన్నరకి తెలియని నంబరు నుంచి ఫోన్. "తిట్టడం అయిపోయిందా చెల్లీ? అయితే అమ్మ పాత సదరం కాగితం ఎక్కడుందో కనుక్కో. అప్పీలుకి అదే ముఖ్యం."

నాకు నోట మాట రాలేదు. అప్పీలు అనేది ఒకటుందని కూడా అప్పటిదాకా నాకు తెలియదు. నోటీసులోనే రాసి ఉంది, మేం 36 దగ్గరే ఆగిపోయాం. ఎంపీడీవో ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి, మళ్ళీ పరీక్షకి తేదీ ఇస్తారు, ఏయే జిరాక్సులు కావాలో వాట్సాప్‌లో పెడతాను అంది. పెట్టింది కూడా. కాగితం కోసం అమ్మ బీరువా అంతా కింద పోసింది. చివరికి కుట్టుమిషను సొరుగులో, బాబిన్ల కింద, లామినేషన్ చేయించి మరీ దాచిపెట్టుకుంది. దాచిన సంగతి ఆమే మర్చిపోయింది.

ఇక్కడ నా తప్పు ఇంకోటి చెప్పాలి. మా బంధువు ఒకాయన, ఆసుపత్రిలో తెలిసిన మనిషి ఉన్నాడు, 20 వేలిస్తే శాతం సంగతి ఆయనే చూసుకుంటాడు అన్నాడు. నేను సరే అన్నాను. ఉన్న వైకల్యానికే లంచం ఏమిటని అనిపించలేదు, ఎలాగోలా టెన్షన్ వదిలితే చాలనిపించింది. స్నేహితురాలి దగ్గర సగం అప్పు కూడా అడిగాను. ఆపింది మాస్టారు.

మాస్టారు మా పక్క ఊరాయన, రిటైరయ్యారు. ఆయనకీ పోలియోనే, కాలికి ఆసరాగా కట్టుకునే కాలిపర్ వేసుకుని ముప్పై ఏళ్ళు బడికి సైకిల్ మీద వెళ్ళారు. విషయం వినగానే డబ్బుల మాట పక్కన పెట్టి, ఆటోలో మా ఇంటికొచ్చి అమ్మనే అడిగారు: "మొన్న పరీక్షప్పుడు ఎలా నడిచావమ్మా?"

అమ్మ సిగ్గుపడుతూ చెప్పింది. డాక్టరు గారి ముందు కుంటుకుంటూ ఏం పోతాంలే అని, కొత్త చీర కట్టుకుని, తొడ మీద చెయ్యి తీసేసి, గోడ పక్కనుంచి నిటారుగా నడిచిందట. ఏమైనా ఇబ్బందా అని అడిగితే "బాగానే ఉన్నాను సార్" అందట. రెండు నిమిషాల్లో పని అయిపోయిందట. అంతమంది వరసలో ఉన్నారు, వాళ్ళూ అంతకంటే చూడలేదు. రెండు నిమిషాల్లో తేల్చేయడం తప్పే, అది తప్పు కాదని నేననను. కానీ యాభై ఏళ్ళుగా ఎవరి ముందూ కుంటిదాన్ననిపించుకోకూడదని అలవాటు చేసుకున్న నడక ఆ రోజు అమ్మ మీదకే వచ్చింది.

"నటించొద్దు. దాచొద్దు. ఇంట్లో ఎలా ఉంటావో అక్కడా అలాగే ఉండు" అన్నారు మాస్టారు. తర్వాత గంటసేపు కూర్చుని డాక్టర్లు చూసేవేమిటో వివరించారు. కాలి శాతం లెక్కకి నడక ఒక్కటే చూడరట. కండరాల బలం చూస్తారు, కీళ్ళు ఎంత మేర కదులుతాయో చూస్తారు, నిలకడ చూస్తారు. మెట్లెక్కడం, వాలులో నడవడం, దెబ్బతిన్న కాలి మీద నిలబడటం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం, మోకాళ్ళ మీద కూర్చోవడం, పక్కకి తిరగడం అన్నీ అందులోవే. కాలు పొట్టిగా ఉంటే మొదటి అర అంగుళం వదిలేసి, ఆపైన ప్రతి అర అంగుళానికీ 4 శాతం. ఇవేవీ అమ్మని ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు. ఏమేం చేయలేవో ఒక కాగితం మీద రాయించారు. పది వరసలు వచ్చాయి. అది రాసింది నేనే. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి అందులో నాలుగు నాకు అప్పుడే తెలిశాయి. బాత్రూములో అమ్మ కుర్చీ ఎందుకు పెట్టుకుంటుందో నేనెప్పుడూ అడగలేదు.

ఇరవై వేల మాట మళ్ళీ ఎత్తలేదు. స్నేహితురాలికి ఫోన్ చేసి వద్దని చెప్పాను.

సెప్టెంబరులో ఏమవుతుందోనని నెలాఖరంతా నిద్ర లేదు. అప్పీలు పెట్టుకున్నవాళ్ళకి పింఛను ఆపొద్దని ప్రభుత్వం చెప్పడంతో ఒకటో తారీఖున ఎప్పటిలాగే ఇంటికొచ్చి ఇచ్చారు. ఇచ్చింది ఆ అక్కే. నేను ఊళ్ళోనే ఉన్నాను. ఎదురుపడి సారీ చెబుదామని గుమ్మం దాకా వెళ్ళి, మంచినీళ్ళిచ్చి లోపలికొచ్చేశాను.

మళ్ళీ పరీక్షకి తేదీ వచ్చింది, సరిగ్గా అక్టోబరు చివర్లో మొంథా తుపాను వారంలో. పొద్దున నాలుగున్నరకి అమ్మ తలస్నానం చేసి కూర్చుంది. ఐదింటికి అక్క ఫోన్: "బయల్దేరొద్దు, వాగు పొంగింది, తేదీ మారుస్తున్నారు." ఆ ఫోన్ రాకపోతే ఆ వానలో ఆటోలో సగం దారి వెళ్ళి ఇరుక్కునేవాళ్ళం. ఆవిడకి అది డ్యూటీ టైమూ కాదు.

నవంబరులో వెళ్ళాం. ఆ ఏడాది ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు బస్సు ఉచితం చేశారు, మెట్టు ఎత్తు మాత్రం అలాగే ఉంది. అందుకని ఆటో బాబాయ్ బస్టాండ్ దాకా అని బయల్దేరి ఆసుపత్రి దాకా తీసుకెళ్ళాడు. సాయంత్రం దాకా అక్కడే వేపచెట్టు కింద పడుకుని, డీజిల్ డబ్బులు మాత్రమే తీసుకున్నాడు. లోపల వీల్‌చైర్ దొరకలేదు. ఒక స్వీపరమ్మ ఎక్కడినుంచో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి అమ్మకి వేసింది, వరస కదిలినప్పుడల్లా తనే వచ్చి జరిపింది. ఆమె పేరు అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఈసారి ఎముకల డాక్టరు టేపు పెట్టి రెండు కాళ్ళూ కొలిచారు. రెండంగుళాల తేడా. కింద కూర్చోమన్నారు. అమ్మ నా వైపు చూసింది, తర్వాత నెమ్మదిగా "కూర్చోలేను సార్" అంది. ఆ మాట అమ్మ నోట నేను మొదటిసారి విన్నాను. నడవమంటే తొడ మీద చెయ్యి వేసుకునే నడిచింది. కాగితం మీది పది వరసలూ ఆయన చదివారు.

52 శాతం వచ్చింది, శాశ్వత వైకల్యమని రాశారు. 62 కాదు. ఏది సరైన లెక్కో నాకు తెలియదు, నాకు 40 దాటితే చాలు. డిసెంబరు 1న పింఛను తీసుకునేటప్పుడు అమ్మ వేలిముద్ర పడక మూడుసార్లు తుడిచి తుడిచి పెట్టింది. పడ్డాక అక్కే ముందు నవ్వింది.

మాస్టారూ, మీకు దండం. బాబాయ్, నీకు దండం. కుర్చీ జరిపిన అమ్మా, ఇది నీ దాకా వస్తుందో రాదో తెలియదు.

అక్కా, వాకిట్లో నిన్ను అన్న మాటలకి సారీ. అరుగు మీద ఆ రోజు విన్నవాళ్ళందరికీ ఇది చదివి వినిపించమని అమ్మకి చెప్పాను. నీకు జాకెట్టు కుట్టిస్తానంటే కూలి తీసుకుంటేనే అన్నావట, అమ్మ ఒప్పుకుంది. కొలత జాకెట్టు ఇంకా పంపలేదని రోజూ అడుగుతోంది, ఈ వారం పంపించు.