రిమార్కుల కాలమ్ ఏమైంది?

సంపాదకులకు,

పోయిన నెల ఒక పరిశోధక విద్యార్థిని మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కోస్తాలో ఒక రేవులో 26 ఏళ్లు ఆటుపోట్ల లెక్క రాసి రిటైరైనవాణ్ణి నేను. ఆ రేవు పాత లెక్కల్లో ఒక ఏడాది సముద్రమట్టం ఉన్నట్టుండి 4 సెంటీమీటర్లు ఎక్కువైంది. "నిజంగా పెరిగిందా సార్?" అని ఆ అమ్మాయి అడిగింది.

పెరగలేదు. ఆ ఏడు జెట్టీ మరమ్మతు జరిగింది. నీటిమట్టం కొలిచే టైడ్ గేజ్ ఊడదీసి పక్కన బిగించారు, దాంతో కొలత మొదలయ్యే సున్నా గుర్తు మారింది. ఆ సంగతి రిజిస్టరు రిమార్కుల కాలమ్‌లో పెన్సిల్‌తో రాసింది నేనే. దరఖాస్తు పెట్టిన ఎనిమిది నెలలకు ఆమె చేతికొచ్చిన కాగితాల్లో అంకెలే ఉన్నాయి. టైపు చేసినవారికి రిమార్కులు దండగ అనిపించి ఉంటాయి.

ప్రపంచ సముద్రమట్టం ఇప్పుడు ఏడాదికి సుమారు 4 మిల్లీమీటర్లు పెరుగుతోంది. అంటే మా జెట్టీ మరమ్మతు పదేళ్ల పెరుగుదలను ఒక్క రోజులో తెచ్చిపెట్టిందన్నమాట! లివర్‌పూల్‌లో 1933 నుంచి దేశదేశాల రేవుల లెక్కలు కూడబెడుతున్న సంస్థ ఉంది. గేజ్ సున్నా ఎప్పుడెలా మారిందో తెలియని లెక్కలను అది విడిగా ఉంచి, వీటితో పెరుగుదల అంచనా కట్టొద్దని చెబుతుంది. 1878 నాటి ముంబై లెక్కలు నేటికీ పనికొస్తున్నాయంటే ఆ వివరం దొరకబట్టే.

నడిసంద్రం సంగతి మేలు. ప్రపంచ సముద్రాల్లో తేలుతూ తిరిగే సుమారు 4,000 కొలత యంత్రాలు, అంటే ఆర్గో ఫ్లోట్లు, పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతుకు దిగి, పైకొస్తూ నీటి వేడినీ ఉప్పదనాన్నీ కొలుస్తాయి. ఆ లెక్కలు చాలావరకు ఒక్క రోజులో ఎవరికైనా ఉచితంగా అందుతాయి. మన దేశం తరఫున ఆ పని చూసే సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సముద్రం లేని హైదరాబాద్‌లోనే ఉంది. ఒడ్డున మేం రాసినవి మాత్రం గోనెసంచుల్లో ఉన్నాయి. అడిగితే దేశ భద్రత అంటారు. రాబోయే ఏడాది ఆటుపోట్ల పట్టికను సర్వే ఆఫ్ ఇండియా అచ్చేసి అమ్ముతుంటే, ముప్పై ఏళ్ల కిందటి పోటులో రహస్యమేమిటో నాకర్థం కాదు.

పాత రిజిస్టర్లను అంకెలతోపాటు రిమార్కులూ కనబడేలా పేజీకి పేజీ స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టాలి. గేజ్ మార్చిన తేదీలు విడిగా రాయాలి. ఇకమీదట ఏ ఏడాది లెక్క ఆ మరుసటి ఏడాదికల్లా బయటికి రావాలి. చెదలు పట్టకముందే ఈ పని మొదలుపెట్టమని అధికారులకు మనవి.

ఆ అమ్మాయికి నా పాత డైరీ ఇచ్చి పంపాను. నాతోపాటు గేజ్ చార్టులు మార్చిన ఇద్దరిలో ఒకాయన పోయారు, ఇంకొకాయనకు మతిమరుపు. నాకు 71. ఎవరైనా వచ్చి అడిగితే కూర్చుని చెబుతాను.

- ఒక విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం