చలిలో జాగ్రత్త బిడ్డా

హనుమకొండ

బిడ్డా రాజూ,

నీ ఫోన్ రాక ఇరవై రెండు రోజులైంది. అమ్మ అడిగితే పరీక్షలేమో అంటున్నాను. మొన్న పెండ్లిలో స్వరూపత్త, నువ్వు రాత్రిపూట పెట్రోల్ బంకులో పనిచేస్తున్నావని చెప్పింది. అది అడగడానికి రాయట్లేదు. అక్కడ చలి ముదిరింది కదా, అందుకు.

తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటోందన్నావు. హీటర్ వేస్తే గదిలో గాలి పొడిబారుతుంది. సాక్సులు కార్పెట్‌కు రాసుకున్నప్పుడు ఎలక్ట్రాన్లు ఒకదాని నుంచి ఇంకోదానికి పోతాయి, అట్లా ఒంటికి విద్యుత్ ఛార్జి ఎక్కుతుంది. గాలిలో తేమ ఉంటే ఆ ఛార్జి మెల్లగా జారిపోతుంది, లేకపోతే ఒంటి మీదే నిలుస్తుంది. చురుకు తెలిసిందంటే రెండు మూడు వేల వోల్టులు ఉన్నట్టే. మనిషికి ఏం కాదు. పెట్రోల్ ఆవిరికి మాత్రం ఆ రవ్వ చాలు.

మీ తాత సంగతి చెప్పానా? ఆయన పుట్టిన 1934లోనే వరంగల్‌లో అజంజాహి బట్టల మిల్లు మొదలైంది. అందులో కొత్తగా చేరినప్పుడు దారం వడికే షెడ్డులో ఒకటే ఉక్కపోతట. దారం తెగకుండా అక్కడ గాలిని తడిగా ఉంచుతారని ఆయనకు తెలియదు. నడి ఎండాకాలం, గాలి ఆడుతుందని కిటికీ తెరిచాడు. వడగాలి కొట్టింది. కాసేపటికి పత్తి పోగులన్నిటికీ ఒకే రకం ఛార్జి ఎక్కి, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉబ్బిపోయాయట. కొన్ని రోలర్లకు అతుక్కున్నాయి, దారాలు పుటుక్కుపుటుక్కున తెగాయి. దూది వచ్చి చేతి వెంట్రుకలకు పట్టుకుంటే దులిపినా పోలేదట. పనివాళ్ల మీద ఉండే పెద్ద జాబర్ పరుగెత్తుకొచ్చి కిటికీ మూసి, తడి గోనెసంచులు పరిపించాడు. పొద్దుగూకేదాకా తాత ఆ సంచుల మీద నీళ్లు చల్లుతూనే ఉన్నాడు.

నువ్వు కూడా హీటర్ పక్కన గిన్నెడు నీళ్లు పెట్టుకో. మీద కాదు, పక్కన. తలుపు తీసే ముందు తాళంచెవి పట్టుకుని దాని కొసను పిడికి ఆనించు, రవ్వ వేలికి తగలదు. పెట్రోల్ పోసేటప్పుడు మధ్యలో కారెక్కి కూర్చోవద్దు. సీటుకు రాసుకుని దిగి పైపు పట్టుకుంటే ప్రమాదం. కారు ఇనుప భాగాన్ని ముందుగా ముట్టుకోవాలి. నీ కారు సంగతే చెప్తున్నా. ఇంకెవరి కారుకు పోసినా అంతే.

తాత రాత్రి షిఫ్టు డబ్బులతోనే నేను చదువుకున్నా, బంకు పని అయితే మాత్రం నాకు చెప్పడానికి ఏముంది? ఫీజుకు చాలకపోతే చెప్పు, ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మిన డబ్బు బ్యాంకులోనే ఉంది. నూలు బనియన్లు వేసుకో, ఆ నైలాన్ జాకెట్ ఒంటికి తగలనీయకు.

అమ్మ సకినాలు చేసింది. అడ్రస్ అదేనా, మారిందా? అదొక్కటైనా రాయి. ఆదివారం పొద్దున ఫోన్ దగ్గరే కూర్చుంటా.

బాపు