కెమెరాలకూ లెక్కల కంప్యూటర్లకూ ఒకటే నెట్‌వర్కా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని, తెలియని లింకులు నొక్కొద్దని మీ పత్రిక తరచూ రాస్తోంది. మా ఆఫీసులో అందరం చదువుతాం, పాటిస్తాం కూడా. కానీ చిన్న ఆఫీసుల్లో గోడకు బిగించి, కంప్యూటర్లన్నిటినీ వైర్లతో కలిపే నెట్‌వర్క్ స్విచ్ అనే పెట్టె గురించి ఎక్కడా కనబడదు. మా లెక్కల ఫైళ్లన్నీ పోయాక గానీ ఆ పెట్టెను మేమూ పట్టించుకోలేదు. అందుకే ఈ ఉత్తరం.

నాది సూళ్లూరుపేట. పెళ్లయి చెన్నై వచ్చి 22 ఏళ్లయింది. జార్జ్‌టౌన్‌లో లింగిచెట్టి వీధిలో ఒక ఆడిటర్ గారి దగ్గర అకౌంటెంట్‌గా చేస్తున్నాను. లెక్కలు రాసే ట్యాలీ డేటా ఉండే కంప్యూటర్ కాక ఇంకో ఆరు, ఒక ప్రింటర్, కెమెరాల రికార్డింగు దాచే డీవీఆర్, వచ్చినవాళ్ల కోసం వై-ఫై. అన్నీ వైర్లు గుచ్చే పోర్టులు 16 ఉన్న ఒకే స్విచ్‌కి కలిపి ఉండేవి.

పోయిన ఏడాది ఒక నెల జీఎస్టీ రిటర్నుల గడువు 20వ తేదీ. 17న పొద్దున వచ్చి ట్యాలీ ఫోల్డర్ తెరిస్తే ఫైళ్ల పేర్లన్నీ మారిపోయి ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. డబ్బు కడితేనే తిరిగి ఇస్తామని ఒక నోటు. 11 రోజుల కిందటి బ్యాకప్ ఉన్న హార్డ్‌డిస్క్ బీరువాలో ఉండబట్టి బతికాం. ఆ 11 రోజుల బిల్లులూ నలుగురం కూర్చుని మూడు రాత్రులు మళ్లీ ఎక్కించాం. పెద్ద వయసులో ఆడిటర్ గారు కూడా మాతో పాటే మేలుకున్నారు. ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఎటునుంచి వచ్చిందో తేల్చలేకపోయాం. ఆ వారం మా వై-ఫై వాడిన క్లయింట్లు, వాళ్ల గుమాస్తాలు ఎందరో. వాళ్ల ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ మా ట్యాలీ కంప్యూటర్‌కూ మధ్య అడ్డంటూ ఏమీ లేదు. అది చాలదన్నట్టు డీవీఆర్ బిగించినవాళ్లు కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డే ఉంచేసి, సారు ఇంటి నుంచి చూసుకోవాలని రూటర్‌లో బయటికి దారి తెరిచి వెళ్లారు. పాస్‌వర్డ్ మార్చని ఇలాంటి కెమెరాలను, డీవీఆర్‌లనే 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల్లో పట్టుకుంది. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై అనే వైరస్ ఒక కంప్యూటర్‌లో దూరితే చాలు, ఎవరూ ఏమీ నొక్కకుండానే ఆ నెట్‌వర్క్‌లో అప్‌డేట్ చేయని మిగతావాటికి పాకింది. ఈ రెండూ అప్పట్లో పేపర్లో చదివాను. మనలాంటి చిన్నవాళ్లకు కాదులే అనుకున్నాను.

మా చెల్లెలి కొడుకు హైదరాబాద్‌లో నెట్‌వర్క్ పని చేస్తాడు. వాడికి ఫోన్ చేస్తే, "పెద్దమ్మా, ముందు మీ స్విచ్ మోడల్ నంబర్ చదువు" అన్నాడు. చదివాను. అది వీల్యాన్‌లు, అంటే ఒకే స్విచ్‌లో ఒకదానితో ఒకటి కలవని వేర్వేరు నెట్‌వర్క్‌లు, చేయగల స్విచ్చేనట. కొని నాలుగేళ్లయింది, ఎవరూ దాని సెట్టింగుల పేజీ తెరవలేదు.

వీల్యాన్ సంగతి మా వీధి లారీల వల్ల నాకు తేలిగ్గానే అర్థమైంది. ఒకే లారీలో ముగ్గురు షావుకార్ల మూటలు వస్తాయి. ఎవరి మూట మీద వాళ్ల గుర్తు ఉంటుంది. దాన్ని చూసి ఎవరి గోడౌన్‌లో వాళ్లది దించుతారు. స్విచ్ కూడా డేటా మీద 4 బైట్ల గుర్తు వేస్తుంది. దాని పేరు ట్యాగ్. అందులో 1 నుంచి 4094 వరకు ఏ నంబరైనా పెట్టుకోవచ్చు. 802.1క్యూ అనే ఈ పద్ధతి 1998 నుంచీ ఉన్నదే కాబట్టి ఒక కంపెనీ స్విచ్, ఇంకో కంపెనీ రూటర్ అయినా ఒకదాని గుర్తు మరొకటి చదవగలదు. మేం ఆఫీసుకు 10, వచ్చినవాళ్లకు 20, కెమెరాలకు 30 అనుకున్నాం. రూటర్‌కీ వై-ఫై పెట్టెకీ వెళ్లే పోర్టులు లారీల్లాంటివి, వాటిలో గుర్తుతోనే పంపాలి. కంప్యూటర్ల పోర్టుల్లో మాత్రం గుర్తు తీసేసి ఇవ్వాలి. ఇంటర్నెట్ వాళ్లిచ్చిన రూటర్‌లో వీల్యాన్ లేదు. ఉన్నది రిచీ స్ట్రీట్‌లో కొన్నాం. మాకైన ఖర్చు అదొక్కటే.

ఒక ఆదివారం నేనే కూర్చున్నాను. ఏ పోర్టు ఏ వీల్యాన్‌లో ఉండాలో సరిగ్గానే పెట్టాను, అయినా ఒక్క కంప్యూటర్‌కీ నెట్ రాలేదు. "పీవీఐడీ మార్చావా పెద్దమ్మా?" అని అడిగాడు వాడు. మార్చలేదు. పోర్టులోంచి బయటికి వెళ్లేదాని సంగతే నేను చూశాను. కంప్యూటర్ నుంచి గుర్తు లేకుండా లోపలికి వచ్చే మూటను ఎవరి లెక్కలో వేయాలో చెప్పేది పీవీఐడీ. అది అన్ని పోర్టులకూ 1గానే ఉండిపోయింది. సరేనని మారుస్తూ పోయి, నా ల్యాప్‌టాప్ పెట్టిన పోర్టుకి కూడా 10 ఇచ్చేశాను. స్విచ్ సెట్టింగుల పేజీ ఉండేది 1వ నంబరు వీల్యాన్‌లో. అంతే, ఇక ఆ పేజీ తెరుచుకోలేదు. పిన్నుతో రీసెట్ నొక్కి మొదటి నుంచి చేశాను. ఈసారి 16వ పోర్టును 1లోనే వదిలేశాను. సాయంత్రం కరెంటు పోయి వచ్చేసరికి చేసిందంతా మాయం. మా స్విచ్‌లో అప్లై వేరు, సేవ్ వేరు.

మూడోసారి అన్నీ కుదిరాయి. కానీ నేను అందరికీ ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఆ తర్వాత జరిగింది. నా ఫోన్‌ని 20లో ఉన్న గెస్ట్ వై-ఫైకి కలిపి, 10లో ఉన్న ప్రింటర్ అడ్రస్ కొట్టి చూశాను. దాని పేజీ హాయిగా తెరుచుకుంది! స్విచ్ విడదీసినవాటిని రూటర్ మళ్లీ కలిపేస్తోంది. వద్దని రూల్ రాయకపోతే చాలా రూటర్లు ఒక వీల్యాన్ నుంచి ఇంకోదానికి దారి ఇస్తాయట. 20, 30 నుంచి 10కి వెళ్లకూడదని రూల్ రాశాకే ఆగింది. కాబట్టి "వీల్యాన్ పెట్టేశాం" అని ఎవరన్నా చెబితే, వాళ్ల ముందే గెస్ట్ వై-ఫై నుంచి ఇలా చూసి గానీ డబ్బు ఇవ్వకండి.

ఇది పెడితే వైరస్ రాదని నేను అనడం లేదు. మా కంప్యూటర్లలో ఒకదానికి వస్తే పక్కదానికి ఇప్పుడూ పాకగలదు. అందుకే బ్యాకప్ రోజూ తీస్తున్నాం, డీవీఆర్ పాస్‌వర్డ్ మార్చాం, బయటికి తెరిచిన దారి మూసేశాం.

కెమెరాలు, నెట్‌వర్క్ బిగించే సోదరులకు ఒక విన్నపం. మీరు వెళ్లేటప్పుడు పాస్‌వర్డులు, ఏ పోర్టులో ఏముందో ఒక కాగితం మీద రాసి యజమాని చేతికివ్వండి. మా పెట్టె తలుపు లోపల ఇప్పుడు పోర్టుల కాగితం తెలుగులోనూ తమిళంలోనూ అంటించి ఉంది. పాస్‌వర్డులు బీరువాలో ఉన్నాయి.

మీ వాణిజ్యం పేజీలో ఈ విషయం ఒక్కసారి బొమ్మతో సహా వేయండి. మా వీధిలో తెలుగువాళ్ల ఆఫీసులు, కొట్లు చాలా ఉన్నాయి. కత్తిరించి జిరాక్స్ తీసి నేనే పంచుతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
జార్జ్‌టౌన్, చెన్నై