వకీలు లేకుండా ఫ్యామిలీ కోర్టుకు వెళ్లేవారి ఇక్కట్లు

సంపాదకులకు,

1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం అక్కడ వకీలును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కాదు, కోర్టు అనుమతించాలి. అది చూసి ‘విడాకుల కేసు సొంతంగా వాదించుకోవచ్చు’ అని ధైర్యం చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. వాదించుకోవచ్చు, నిజమే. కానీ చాలా కేసులు జడ్జి ముందు నోరు విప్పేలోపే కాగితాల దగ్గర దెబ్బతింటున్నాయి.

భరణం సంగతే చూడండి. రజ్నేష్-నేహా కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని చెప్పింది. ఎదుటి పక్షానికి గడువు నాలుగు వారాలు. జీతం, అద్దె, ఈఎంఐలు, బీమా, పిల్లల ఫీజులు అన్నీ రాయాలి, కాగితాలు జతచేయాలి. చాలామంది ‘నాకు ఆదాయం లేదు’ అని ఒక్క ముక్క రాసేసి వస్తారు. క్రాస్‌లో (సాక్షిని ఎదుటి పక్షం ప్రశ్నించేటప్పుడు) అవతలివారు బ్యాంకు స్టేట్‌మెంట్ తీస్తే, ఆ తర్వాత నిజం చెప్పినా నమ్మకం కుదరదు.

కౌంటర్‌లో, అంటే ఎదుటి పక్షం రాసిచ్చే జవాబులో, పిటిషన్‌లోని ప్రతి పేరాకూ విడిగా జవాబివ్వాలి. ‘అన్నీ అబద్ధాలు’ అని వదిలేస్తే, స్పష్టంగా కాదనని సంగతులు ఒప్పుకున్నట్టు లెక్కలోకి వచ్చే ప్రమాదముంది.

వాట్సాప్ ప్రింట్లది మరో గొడవ. ఫ్యామిలీ కోర్టుకు సాక్ష్యం విషయంలో వెసులుబాటు ఉన్నా, అభ్యంతరం రాకుండా కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63(4) కింద ఎలక్ట్రానిక్ రికార్డు సర్టిఫికెట్ పెట్టడం మేలు. అందులో ‘ఎ’ భాగం కక్షిదారు, ‘బి’ భాగం నిపుణుడు సంతకం చేయాలి, హాష్ విలువ (ఫైలును మార్చలేదని చూపే, దాని నుంచి లెక్కించిన కోడ్) రాయాలి. ఇంటర్నెట్లో దొరికే పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్ నమూనాలో ఇవి ఉండవు. ఒరిజినల్ చాట్ ఉన్న ఫోను కేసు తేలేదాకా మార్చకూడదు.

క్రాస్‌లో ప్రశ్నకు ఒక్క విషయమే అడగాలి. అక్కడ కోపం ఎవరికైనా వస్తుంది, దానివల్ల కేసుకు లాభం లేదు.

ఎదుటి పక్షం వాయిదా తప్పితే ఎక్స్‌పార్టీ, అంటే వారు లేకుండానే కేసు నడవొచ్చు. అలా డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) వచ్చాక దాన్ని రద్దు చేయించుకోవడానికి 30 రోజులే గడువు. సమన్లు సరిగా అందనివారికి విషయం తెలిసిన రోజు నుంచి లెక్క. సీఎన్ఆర్ నంబరుతో (ప్రతి కేసుకూ ఇచ్చే ప్రత్యేక సంఖ్య) ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీ చూసుకోవచ్చు.

మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోన్ చేస్తే చాలు. ప్రతి ఫ్యామిలీ కోర్టు ఫైలింగ్ కౌంటర్ దగ్గర ఆస్తుల అఫిడవిట్ ఫారం, 63(4) సర్టిఫికెట్ నమూనా తెలుగులో ఉంచాలని, వాటిని నింపడంలో సాయపడేందుకు న్యాయ సేవాధికార సంస్థ వారానికి ఒక పూటైనా మనిషిని కూర్చోబెట్టాలని కోరుతున్నాం.

— విశ్రాంత కోర్టు ఉద్యోగులు, వరంగల్