గ్యాస్ మాత్రకు ఆఖరు తేదీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఉద్దానం కిడ్నీ జబ్బుల మీద మీ జిల్లా పేజీలో వచ్చే వార్తలన్నీ చదువుతాను. తాగునీటి గురించి రాస్తారు, డయాలసిస్ పడకల గురించి రాస్తారు, 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రి గురించి రాస్తారు. అవన్నీ రాయవలసినవే. వాటి పక్కన ఇంకో చిన్న సంగతికి చోటివ్వమని ఈ ఉత్తరం. దాదాపు ప్రతి మందుల చీటీలోనూ గ్యాస్ మాత్ర, అంటే కడుపులో ఆమ్లం తగ్గించే మాత్ర, ఉంటుంది. ఎన్నాళ్ళు వేసుకోవాలో మాత్రం ఉండదు. అది రాయాలి.

ఈ జిల్లాలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను, టెక్కలిలో ఉంటున్నాను. ఉద్యోగం వదిలినా చీటీలు నన్ను వదల్లేదు. వీధిలోవాళ్ళు, వాళ్ళ చుట్టాలు మాత్రల సంచి పట్టుకుని వచ్చి, "బావూ, ఇందల ఏది దేనికో కాస్త సెప్పు" అని అరుగు మీద కూర్చుంటారు. సంచి బోర్లిస్తే బీపీది, సుగరువి, మోకాళ్ళ నొప్పిది, వాటితో పాటు పాంటాప్రజోల్ అనే గ్యాస్ మాత్ర అట్ట తప్పకుండా పడుతుంది. బీపీ మాత్ర దేనికో వాళ్ళకి తెలుసు, మానేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. గ్యాస్ మాత్ర దేనికని అడిగితే "ఇన్ని మందులేసుకుంతే గేస్ రాదేటి, అందుకే ఇచ్చినారు" అంటారు. ఎప్పుడిచ్చారు? గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు. అదెప్పుడు? కూతురి పెళ్ళికి ముందు. ఆ కూతురి బిడ్డ ఇప్పుడు బడికి వెళుతోంది.

ఈ మందులంటే నాకు కోపమని అనుకోకండి. ఒకప్పుడు కడుపులో పుండు ముదిరితే పొట్ట కోసి, ఆమ్లం ఊరించే నరాన్ని తెంచి, అవసరమైతే కడుపులో కొంత భాగం తీసేసేవారు. పొట్ట మీద నిలువునా ఆ కోత మచ్చ ఉన్న పెద్దవాళ్ళని నా చిన్నతనంలో చూశాను. 1970లలో ఆమ్లం తగ్గించే సిమెటిడిన్ అనే మందు వచ్చి ఆ కథ మార్చింది. జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రవేత్తకి 1988 నోబెల్‌లో భాగం దక్కడానికి దాన్ని తయారుచేసిన పరిశోధన కూడా ఒక కారణం. తర్వాత రానిటిడిన్, ఆపైన ఒమెప్రజోల్, పాంటాప్రజోల్. (రానిటిడిన్‌లో క్యాన్సర్ కారకమని అనుమానమున్న ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడ్డాక అమెరికా 2020లో దాన్ని బజారులోంచి తీయించింది. మన ప్రభుత్వం 2022లో అత్యవసర మందుల జాబితాలోంచి తప్పించింది. మా దగ్గర ఇంకా దాన్నే పేరు పెట్టి అడిగి కొనుక్కుంటున్నారు.) పుండు ఉన్నవాడికి ఈ మందులు వరం. పుండు ఉందో లేదో చూడకుండా ఏళ్ళ తరబడి మింగించడం గురించే నా గోల.

వేసుకునే వేళ సంగతి చూడండి. చీటీ మీద "ఉదయం 1" అని ఉంటుంది. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడమనిషికి ఏది ఉదయం? చీకటితో లేచి, ఇంత టీ తాగి, పనికి పోతుంది. ఏ పది గంటలకో తెచ్చుకున్న చద్దన్నమో చోడి అంబలో తింటుంది. తిన్నాకే మాత్ర. "కాళీ కడుపుతో మందేసుకోకూడదు కదేటి బావూ" అని నాకే చెబుతుంది. నొప్పి మాత్ర విషయంలో ఆమె మాట నిజం. గ్యాస్ మాత్ర విషయంలో తిరగబడిపోయింది. కడుపు గోడలో ఆమ్లాన్ని తోడే పంపులు ఉంటాయి. అన్నం లోపలికి పడగానే అవి పని మొదలుపెడతాయి. పని చేస్తున్న పంపునే ఈ మందు పట్టి ఆపగలదు, ఊరికే ఉన్నదాన్ని ఆపలేదు. మాత్ర పేగులోకి వెళ్ళి, రక్తంలో కలిసి, తిరిగి కడుపు గోడకి చేరడానికి కొంత సమయం కావాలి. అందుకే తిండికి అరగంట ముందు వేసుకోవాలనేది. పైన ఉన్న పూత కూడా కడుపులోని ఆమ్లానికి మందు పాడైపోకుండా వేసిందే కాబట్టి నమలకూడదు, నూరకూడదు. మింగలేని ముసలమ్మకి నూరి నీళ్ళలో కలిపి పోసే కోడళ్ళని చూశాను. భక్తిగానే చేస్తారు, చెప్పినవాళ్ళు లేరంతే. ఇంకొకటి, వేసుకున్న రోజే పూర్తి గుణం కనిపించదు, మూడు నాలుగు రోజులు పడుతుంది. ఇది తెలియక మొదటి రోజే పని చెయ్యలేదని పూటకి రెండేసి వేసుకుంటారు.

ఆ ఆడమనిషికే రోజంతా నేల మీద కూర్చుని నడుమూ మోకాళ్ళూ పట్టేస్తాయి. దానికి డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో కొట్టులో విడిగా రెండు మూడు కొనుక్కుంటుంది. కడుపు లోపలి పొరని కాపాడే ఏర్పాటునే ఆ నొప్పి మాత్రలు దెబ్బతీస్తాయి, దాంతో పుండు పడుతుంది. కడుపు మంటంటే గ్యాస్ మాత్ర తోడవుతుంది. మంట తగ్గింది కదా అని నొప్పి మాత్ర ధైర్యంగా ఇంకొన్నాళ్ళు సాగుతుంది. గ్యాస్ మాత్ర కడుపుని కొంత కాస్తుందేమో గానీ నొప్పి మాత్ర కిడ్నీకి చేసే కీడుని వీసమెత్తు కూడా ఆపదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఉన్నవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? ఉద్దానం జబ్బుకి అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. గ్యాస్ మాత్రల వల్లే వచ్చిందని నేను అనడం లేదు, ఎవరూ అనకూడదు కూడా. కానీ ఈ తరహా మందులు కొందరిలో కిడ్నీ కణజాలానికి ఉన్నట్టుండి వాపు తెప్పిస్తాయన్నది వైద్యులందరికీ తెలిసిన సంగతే. కిడ్నీకి హఠాత్తుగా దెబ్బ తగిలే ప్రమాదం ఉందని మందుతో వచ్చే కాగితంలో రాయించమని మన దేశ ఔషధ నియంత్రణాధికారి 2019లో రాష్ట్రాలకి చెప్పారు. ఆ కాగితం చదివే రోగి నాకు ఇంతవరకు తారసపడలేదు. విడి మాత్రలు కొనేవాడికైతే అసలు కాగితమే రాదు. కిడ్నీ మీద ఇంత భయం ఉన్న ప్రాంతంలో అక్కర్లేని మాత్ర ఒక్కటి కూడా వేసుకోకూడదు కదా.

ఎన్నాళ్ళు అన్న ప్రశ్నకి వైద్యంలో జవాబు లేక కాదు. చిన్నపేగు మొదట్లో పడిన పుండుకి మామూలుగా నాలుగు వారాలు, కడుపులో పుండుకి ఎనిమిది వారాలు. తర్వాత మళ్ళీ చూసి నిర్ణయించాలి. పుండుకి కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి అయితే లెక్క మారుతుంది. అప్పుడు ఆమ్లం తగ్గించే మందుతో పాటు యాంటీబయాటిక్స్ కలిపి సాధారణంగా పద్నాలుగు రోజులు వాడాలి, మధ్యలో ఒక్క పూట కూడా మానకూడదు. మా తరానికి అల్సర్ అంటే కారం, పచ్చళ్ళు, ఆలోచనలు ఎక్కువైతే వచ్చేదని నేర్పారు. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు అది తప్పన్నారు, ఎవరూ నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవిని పెంచిన ద్రవాన్ని తానే తాగేశాడు. కొన్ని రోజులకే వాంతులు, కడుపు లోపల వాపు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. అంత జరిగినా మా ఊళ్ళలో అల్సర్ రోగికి పథ్యం చెప్పేవాళ్ళే గానీ ఈ సూక్ష్మజీవి ఉందేమో పరీక్ష చేయించుకోమనేవాళ్ళు తక్కువ. ఎండోస్కోపీయే (నోట్లోంచి గొట్టం వేసి కడుపులోకి చూడడం) అక్కర్లేదు, మలపరీక్షతోనూ, ఊపిరి పరీక్షతోనూ తెలుస్తుంది. అయితే గ్యాస్ మాత్ర వేసుకుంటూ ఆ పరీక్షకి వెళితే సూక్ష్మజీవి ఉన్నా లేదని రావచ్చు. డాక్టరుతో చెప్పి రెండు వారాల ముందు ఆపి వెళ్ళాలి. ఎప్పుడు మొదలుపెట్టారో, ఎందుకో చీటీలో లేని మనిషికి ఇదంతా ఎవరు చూస్తారు?

మంట అణిగిపోవడమే కొందరికి ముప్పవుతుంది. భావనపాడు వైపు వేటకెళ్ళే ఒకాయన నడుం నొప్పికి మాత్రలూ, మంటకి గ్యాస్ గొట్టాలూ (క్యాప్సూల్స్) కొట్టులోనే కొనుక్కుంటూ వచ్చాడు. విరేచనం నల్లగా తారులా అవుతోందని ఇంట్లో కూడా చెప్పలేదు. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళకీ నల్లగానే అవుతుంది కాబట్టి భార్య విన్నా పట్టించుకునేది కాదేమో. ఒకరోజు పడవ లాగుతూ కూలబడిపోయాడు. ఆసుపత్రిలో రక్తం ఎక్కించి, ఎండోస్కోపీ చేసి చూస్తే కడుపులో రక్తం కారుతున్న పుండు. బతికాడు. నల్ల విరేచనం, రక్తపు వాంతి, చిక్కిపోవడం, ముద్ద దిగకపోవడం, పెద్ద వయసులో కొత్తగా మొదలైన కడుపు బాధ, వీటిలో ఏది ఉన్నా కొట్టుకి వెళ్ళకూడదు, డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. కడుపు క్యాన్సర్ బాధ కూడా ఈ మాత్రలకి కొన్నాళ్ళు అణిగి, ఆలస్యం చేయిస్తుంది. గుండెపోటునే గ్యాస్ అనుకుని, ఆరెంపీ చేత గ్యాస్ సూది వేయించుకుని ఇంటికొచ్చి పడుకున్నవాళ్ళ సంగతి మీ పత్రికలోనే చదివాం. ఛాతీ బరువుతో చెమటలు పట్టినవాడికి ముందు ఈసీజీ తీయాలి.

ఏళ్ళ తరబడి వాడితే ఇంకా ఏమవుతుందో క్లుప్తంగా చెబుతాను. ఆమ్లం తగ్గితే తిండిలోని బీ12 విటమిన్ సరిగా ఒంటపట్టదు. సుగరుకిచ్చే మెట్‌ఫార్మిన్ కూడా బీ12ని తగ్గిస్తుంది. రెండూ వేసుకునేవాళ్ళు అరికాళ్ళ తిమ్మిర్లు సుగరు వల్లే అనుకుని సరిపెట్టుకుంటారు, ఒకసారి బీ12 పరీక్ష చేయించమని అడగండి. ఐరన్, థైరాయిడ్ మాత్రలు కూడా సరిగా పట్టకపోవచ్చు. ఒంట్లో మెగ్నీషియం తగ్గవచ్చు. ముసలివాళ్ళలో ఎముకలు విరగడం కొంత ఎక్కువని గమనించారు.

ఇది చదివి రేపు పొద్దున్నే అందరూ మాత్ర మానేస్తే నా ఉత్తరం కీడే చేస్తుంది. గుండెలో స్టెంట్ వేసుకుని, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళకి కడుపులో రక్తం కారకుండా ఈ మందు అవసరం పడవచ్చు. అక్కడ కూడా ఒమెప్రజోల్ క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది కాబట్టి డాక్టర్లు పాంటాప్రజోల్ వైపు మొగ్గుతారు. ఒకసారి పుండు రక్తం కారినవాళ్ళు, నొప్పి మాత్ర మానలేని పెద్దవాళ్ళు, కిడ్నీ రోగులు, ఎవరూ సొంతంగా ఆపకూడదు. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే ఆమ్లం మునుపటికంటే ఎక్కువ ఊరి కొన్ని వారాలు మంట పెడుతుంది. "సూసినావా, ఆ మాత్ర లేకపోతే నాను బతకలేను" అని మళ్ళీ మొదలుపెడతారు. డాక్టరు మోతాదు తగ్గిస్తూ ఆపితే ఆ ఇబ్బంది చాలామటుకు ఉండదు. వాంతులు తగ్గించే డోంపెరిడోన్ కలిసిన గ్యాస్ గొట్టాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి, గుండె లయ తప్పే జబ్బున్నవాళ్ళకి అది పడదు.

అట్ట మీద ఎర్ర గీత ఉన్న మందుని చీటీ లేకుండా అమ్మకూడదన్న నియమం ఉంది. అది అమలు చేయమని అడగడం నాకూ విసుగు పుట్టింది, వినేవాళ్ళకీ విసుగు పుట్టింది. అంతకంటే తేలికైనది అడుగుతాను. ప్రభుత్వ ఆసుపత్రుల ఓపీ చీటీలు ఎలాగూ ఏటా అచ్చువేస్తారు. మందు పేరు, పూట రాసే వరసలోనే "ఎందుకు", "ఎప్పటివరకు" అని రెండు గళ్ళు చేర్చమని జిల్లా వైద్యాధికారుల్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పాత చీటీలు మిగిలి ఉంటే ఒక రబ్బరు స్టాంపు చాలు. రెండో గడిలో తేదీ దాటిపోయిన చీటీ తెచ్చినవాళ్ళని మందులిచ్చే కిటికీ దగ్గరే ఆపి డాక్టరు దగ్గరికి పంపే అధికారం ఫార్మసిస్టుకి ఇవ్వండి. మీ ఆదివారం ఆరోగ్యం శీర్షికలో "ఎసిడిటీ ఉంటే పాంటాప్రజోల్ వాడవచ్చు" అని రాసేటప్పుడు, దాని పక్కన తిండికి ఎంత ముందో, ఎన్ని వారాలో కూడా వేయండి.

– విశ్రాంత ఫార్మసిస్టు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా